మోకు సాక్ష్యం

కోరుట్లలో లక్ష్మీరాజం కారు కిరాయికి మాట్లాడుకునే వాళ్లందరికీ ఆయన గురించి రెండు సంగతులు తెలుసు. బండి మెత్తగా నడుపుతాడు. మనిషిని మాత్రం నమ్మడు. బంకులో డీజిలు పోస్తుంటే మీటరు మీద ఒక కన్ను, పోసేవాడి చెయ్యి మీద ఒక కన్ను పెట్టబోయి మెడ పట్టేసిన మనిషి ఆయన. హోటల్లో చాయ్ చేతికొస్తే ముందు వాసన చూస్తాడు, తర్వాత గ్లాసు ఎత్తి అడుగు చూస్తాడు, ఆ తర్వాతే తాగుతాడు. ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకుంటే మిషను మూత తనే ఎత్తి, లోపల తన మొహం ఇంకేమైనా మిగిలిపోయిందా అని తొంగి చూస్తాడు. "ఈయన నీడ ఎన్క వస్తె గూడ ఆగి, నువ్వెవనివి అనడుగుతడు" అని భార్య సుశీల వాడకట్టు ఆడవాళ్లతో అంటూ ఉంటుంది. వాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అది ఎందుకు ఎక్కువైందో ఇరవయ్యేళ్లుగా సంజాయిషీ చెప్పుకుంటున్నది ఆమే కదా.

ఈ గుణం ఆయనకు పుట్టుకతో రాలేదు. తాటిచెట్టు మీంచి పడినప్పుడు వచ్చింది.

లక్ష్మీరాజం కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. కోరుట్ల పక్కనే వాళ్ల ఊరు. మీసాలు మొలవక ముందే మోకు పట్టాడు. మోకు అంటే గీసేవాడి నడుమునూ చెట్టునూ కలిపి పట్టి ఉంచే తోలుతాడు. పైన ఉన్నంతసేపూ ప్రాణం దాని మీదే. మోకు అరిగితే మిగతావాళ్లు పాత తోలు విప్పి పారేసి మళ్లీ మొదటినుంచి అల్లుకునేవాళ్లు. లక్ష్మీరాజం మాత్రం పాతదాని మీదే కొత్త తోలు చుట్టి, కాలితో తన్నిపట్టి బిగించేవాడు. రెండు పొరలైతే రెండింతల గట్టి అని ఆయన నమ్మకం. ఆ చుట్టడంలో తన చేతికి సాటి లేదని పేరు కూడా ఉండేది.

ఇరవై ఒక్కేళ్ల కింద ఒక పొద్దున ఆ మోకు నడిచెట్టు మీద ఫట్టుమని తెగింది. కింద మెత్తటి దున్నిన నేల ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ కుడికాలి ఎముక రెండు ముక్కలైంది. కరీంనగర్ దవాఖానలో రాడ్డు వేశారు. మంచం మీద పడుకున్న మూడు నెలలూ తెగిన మోకు చివర చేతిలో పెట్టుకొని అదే పనిగా చూశాడు. కొస కత్తితో కోసినట్టు సాఫుగా ఉంది. అరిగి తెగితే పీచులు లేవాలి కదా? మరి సాఫుగా ఎందుకుంది?

అప్పుడు గుర్తొచ్చింది రామస్వామి. ఇద్దరూ జతగా చెట్లెక్కేవాళ్లు, లక్ష్మీరాజం ఆయనను అన్నా అని పిలిచేవాడు. పడడానికి ముందురోజు కాలువ పక్కనున్న రెండు చెట్లు ఎవరి వంతులోకి వస్తాయని ఇద్దరూ నోరు పారేసుకున్నారు. పడిన రోజు పొద్దున గోడ గూటానికి వేలాడుతున్న మోకును తీసి చేతికిచ్చింది కూడా రామస్వామే. ఇంకేం కావాలి?

కర్ర పట్టుకొని నడవగలిగిన మొదటి రోజే, ఎల్లమ్మ గుడి దగ్గర గౌడ సంఘం కూర్చున్నప్పుడు, అందరి ముందూ అనేశాడు. "నా మోకు కోసింది రామస్వామే."

అవునని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు. అదే రామస్వామిని బతికుండగానే చంపింది. ఆ రోజు తర్వాత ఆయనతో జతగా చెట్టెక్కడానికి ఒక్కడూ రాలేదు. ఆయన పక్కనుంచి పోతుంటే ఎవరి మోకు వాళ్లు చంకకు దగ్గరగా జరుపుకునేవాళ్లు. ఏడాది తిరగకముందే రామస్వామి పెళ్లాం పిల్లలతో సిరిసిల్ల పోయి మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. మళ్లీ ఊరి మొహం చూడలేదు.

లక్ష్మీరాజం కూడా ఆ కాలితో మళ్లీ చెట్టెక్కలేదు. డ్రైవింగ్ నేర్చుకున్నాడు, జీపులు నడిపాడు, చివరికి తన సొంతానికి ఒక పాత తెల్ల కారు కొనుక్కున్నాడు. మోకును మాత్రం పారేయలేదు. తెగిన రెండు ముక్కల్లో దవాఖానలో చేత పట్టుకొని చూసినదాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టాడు. అది సాక్ష్యం. ఎవరైనా ఎప్పుడైనా పంచాయితీ పెడితే ఉన్నదున్నట్టు చూపించాలని దాని ముడి కూడా విప్పలేదు. రెండో ముక్కను పనికి వాడుకునేవాడు. ఆ పని ఏమిటంటే, కారు ఆయిల్ ఫిల్టరు విప్పడం.

కారు ఆయిలు మార్చడానికి మెకానిక్ దగ్గరికి పోయే రకం కాదని వేరే చెప్పాలా? డబ్బా కొత్తదే అయినా లోపలి ఆయిలు పాతదైతే? ఫిల్టరు మార్చానని చెప్పి పైపైన తుడిచి పంపిస్తే? అందుకే ఫోనులో వీడియోలు చూసి తనే నేర్చుకున్నాడు. వాకిట్లో రెండు బండరాళ్ల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, గోనెసంచి పరుచుకొని కింద దూరతాడు. ఫిల్టరు అంటే చెంబంత డబ్బా. ఇంజను ఆయిల్లోని మురికిని అది పట్టేస్తుంది. దాన్ని విప్పడానికి బజార్లో పట్టీ అమ్ముతారు. లక్ష్మీరాజం మోకు ముక్కను డబ్బా చుట్టూ రెండు మెలికలు వేసి గుంజితే అది కిక్కురుమనకుండా తిరుగుతుంది. అంతవరకు బాగానే ఉంది. ఫిల్టరును చేతితో బిగిస్తే చాలని వీడియోలో చెప్పినా ఆయనకు మనసొప్పలేదు. ఒళ్లంతా వేసి గుంజి చూడనిదాన్ని గీసేవాడు నమ్ముతాడా? పోయినసారి మొదటిసారిగా బిగించడానికి కూడా మోకే వాడాడు. ఆ డబ్బా ఊపిరాడకుండా కూర్చుంది.

ఈసారి కొత్త ఫిల్టరు అల్లుడి దుకాణంలో కొన్నాడు. కూతురు రేణుక భర్త మహిపాల్‌కు జగిత్యాలలో స్పేర్ పార్టుల దుకాణం ఉంది. "సొంత అల్లుని దుకాణం పెట్టుకోని యేరేకాడ కొంటవేంది బాపూ, నలుగురు ఏమనుకుంటరు?" అని రేణుక నిష్ఠూరమాడితే, శనివారం జగిత్యాల కిరాయి పడ్డప్పుడు వెళ్లాడు. మహిపాల్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. అల్లుడు చాయ్ తెప్పిస్తే సంతోషించాలి గానీ, ఎందుకు తెప్పించాడా అని ఆలోచించే మామను ఏమనాలి?

మహిపాల్ ఫిల్టరు అట్టపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరు చించి, డబ్బా మూతి చూపిస్తూ ఏదో చెప్పాడు. "మామా, గీ రబ్బరు రింగు సూసినవా, పాతది ఇప్పినప్పుడు జెర..." లక్ష్మీరాజం రింగును చూడలేదు. అట్టపెట్టె మూతను చూస్తున్నాడు. అది అప్పుడే తెరిచిందా, ముందే తెరిచి ఉందా? కొత్తదైతే కవరు చించి చూపించాల్సిన అవసరమేమిటి? అల్లుడు చెప్పినదానికి "ఆఁ ఆఁ" అని తల ఊపి, చాయ్ గ్లాసు అడుగు చూసి, తాగి, వచ్చేశాడు.

ఆదివారం పొద్దున కారు కింద దూరాడు. పాత ఫిల్టరు కదలనంటే కదలనంది. మోకు మూడు మెలికలు వేసి, కాలు బండరాయికి తన్నిపెట్టి గుంజితే కర్రుమని ఒక్కసారిగా వదిలింది. నల్లటి ఆయిలు మోచెయ్యి దాకా కారింది. కంట్లో పడుతుందేమోనని మొహం పక్కకు తిప్పుకొని, ఆ తిప్పుకున్న మొహంతోనే కొత్తది ఎక్కించి మోకుతో బిగించాడు. పాత ఫిల్టరును పారేయలేదు. పాత సామాను ఏదీ పారేయడు. ఎవడైనా ఏరుకుపోయి కొత్తదని అమ్మితే? పాలిథిన్ సంచిలో చుట్టి డిక్కీలో పెట్టాడు.

సాయంత్రం చూస్తే కారు కింద రూపాయి బిళ్లంత నల్లమరక.  ముందు గేటు చూశాడు, గొళ్లెం వేసే ఉంది. ఎదురింటివాళ్ల పిల్లి వైపు కూడా ఒక చూపు చూశాడు. తర్వాత మళ్లీ కింద దూరి ఫిల్టరును ఇంకో అరమెలిక బిగించాడు. మరక తుడిచాడు. గంట తర్వాత చూస్తే మరక లేదు. మరక లేకపోవడం కూడా ఆయనకు నచ్చలేదు.

సోమవారం ఇద్దరు అక్కచెల్లెళ్లను ఎక్కించుకొని వేములవాడ బయలుదేరాడు. రాజన్న దర్శనమయ్యాక వాళ్లను సిరిసిల్లలో చుట్టాలింట్లో దింపాలి. సిరిసిల్ల కిరాయి అంటే లక్ష్మీరాజానికి సగం మనసే. ఆ ఊళ్లో ఆగడు, నీళ్లు తాగడు, ఎవరినీ పలకరించడు, దింపి వెనక్కి తిప్పుకొని వస్తాడు. ఆ ఊళ్లో రామస్వామి ఉన్నాడు.

ఆ రోజు ఆగాల్సి వచ్చింది. మరమగ్గాల చప్పుడు వినిపించే వాడ మొదట్లోకి వచ్చేసరికి స్టీరింగు ముందర నూనె బుడ్డి బొమ్మ ఎర్రగా వెలిగింది. లక్ష్మీరాజం అదే క్షణంలో ఇంజను ఆపేశాడు. ఆ ఒక్క మంచిపని చేయబట్టి ఇంజను దక్కింది. దిగి చూస్తే వెనకాల రోడ్డు మీద నల్లటి చార, కారు కింద మడుగు. పోసిన ఆయిలంతా ఫిల్టరు మూతిలోంచి తన్నుకొచ్చేసింది. అక్కచెల్లెళ్లను ఆటో ఎక్కించి పంపించి, రోడ్డు పక్కన కూర్చుని లెక్క కట్టాడు. తను బిగించిన బిగింపుకు ఢోకా లేదు, మోకుతో గుంజి చూశాడు. ఆయిలు సీలు తనే తీశాడు. ఇక మిగిలింది ఫిల్టరే. పెట్టె మూత తెరిచి ఉండె. కవరు చించె. చాయ్ పోసె. డూప్లికేటు సరుకు అంటగట్టాడు అల్లుడు. సొంత మామకు!

సుశీలకు ఫోను చేసి ఆగిపోయిన సంగతి చెప్పాడు. పది నిమిషాలకు రేణుక ఫోను వచ్చింది.

"బాపూ, నువ్వాడనే ఉండు. మీ అల్లుడు కొత్త ఫిల్టరు, ఆయిలు పట్టుకోని బైలెల్లిండు."

"నేను రమ్మన్ననా? నేను అడగకముందే ఎందుకు బైలెల్లిండు?" అన్నాడు లక్ష్మీరాజం. "తప్పు జేసినోనికే గంత తొందరుంటది బిడ్డా. గది డూప్లికేటని ఆయనకు ముందుగాల్నే ఎర్కున్నది."

రేణుక గొంతు తగ్గించింది. 

"బాపూ, గీ మాట ఆయన ముంగట అనకు. ఆయన ఏమనడు, తల వంచుకోని ఇంటికొస్తడు. గని నేను మళ్ల నీ గడప తొక్క. రామస్వామి కాకను గిట్లనే ఒక్క మాటతోని ఊరు దాటించినవ్. ఇప్పుడు నన్ను దాటిస్తవా?"

"రామస్వామిది యేరు. నా దగ్గర సాక్ష్యమున్నది."

"ఆఁ, ఉన్నది. ఇరవయ్యేండ్ల సంది మూటగట్టే ఉన్నది. గా మూట ఎన్నడన్న ఇప్పి సూసినవా బాపూ?" అని పెట్టేసింది.

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. ఒక్కగానొక్క బిడ్డ, మొగుడి పక్షమే మాట్లాడింది. అయినా భయం కూడా వేసింది. రేణుక అన్నమాట మీద నిలబడే మనిషి. ఆ నిలబడే గుణం ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలుసు.

మహిపాల్ గంటన్నరలో బండి మీద చేరాడు. ఎండకు మొహం కమిలిపోయింది. "మామా, మంచినీళ్లు తాగినవా?" అన్నాడు ముందుగా. లక్ష్మీరాజం పోయి డిక్కీ తెరిచాడు. అనాల్సిన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ముందు ఆ డూప్లికేటు డబ్బా విప్పి అతని చేతిలో పెట్టి, అప్పుడు అందామనుకున్నాడు. ఇంజను చల్లారింది. డిక్కీలోంచి మోకు ముక్క, గోనెసంచి తీసుకొని, జాకీతో బండి ఎత్తి, చక్రాల పక్కన రాళ్లు పేర్చి కింద దూరాడు. మహిపాల్ పక్కన గొంతుక్కూర్చుని లోపలికి వంగి, సెల్ఫోను లైటు కొట్టి పట్టుకున్నాడు.

ఫిల్టరు తిరిగి చేతిలోకి వచ్చింది. దాని మూతికి రబ్బరు రింగు ఉంది, సగం నలిగి ఉంది. లక్ష్మీరాజం ఇంజను వైపు మొహం ఎత్తాడు. ఈసారి పక్కకు తిప్పుకోలేదు. అక్కడ, ఫిల్టరు కూర్చునే చోట, ఇంకో రింగు అంటుకొని ఉంది. నల్లగా, గట్టిపడి, ఇనుములో కలిసిపోయినట్టు. గోటితో లేపితే పెంకులా ఊడి వచ్చింది.

రెండు రింగులు ఎందుకున్నాయి?

ఆయనకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. నిన్న విప్పిన పాత ఫిల్టరు డిక్కీలోనే ఉంది. దాని మూతి చుట్టూ గాడి ఖాళీగా ఉంటుందని చూడకుండానే తెలిసిపోయింది. పోయినసారి మోకుతో బిగించిన బిగింపుకు ఆ రింగు ఇంజనుకు కరుచుకుంది. డబ్బా ఊడింది, రింగు అక్కడే ఉండిపోయింది. తను మొహం తిప్పుకొని పాతదాని మీదే కొత్తది బిగించాడు. రెండు రింగుల మధ్య పట్టు ఎక్కడుంటుంది? కాసేపు ఆగింది, జోరు తగలగానే జారింది. దుకాణంలో మహిపాల్ చెప్పబోయిన మాట ఇదే. "పాతది ఇప్పినప్పుడు జెర..."

కోసినవాడు లేడు. అంటగట్టినవాడు లేడు. తన చేతులే.

ఇక్కడ లక్ష్మీరాజం చేసిన పనికి ఆయనను తిట్టాలనిపిస్తుంది. ఆ పాత రింగును గుప్పిట్లో దాచి, అంగీ కీసాలో వేసుకున్నాడు.

"ఏమైంది మామా, ఏమన్న దొరికిందా?"

"ఏం లేదు."

"అయితే మా సరుకుల్నే ఏదో లోపమున్నది మామా" అన్నాడు మహిపాల్. "ఏమనుకోకు. నిన్ను నడిరోడ్డు మీద కూసోవెట్టిన. గీ ఫిల్టర్లు పంపినోనితోని రేపు నేను మాట్లాడుత."

లక్ష్మీరాజం కారు కిందే ఉండి ఆ మాట విన్నాడు.  అల్లుడు తెచ్చిన ఫిల్టరును చేతితోనే బిగించాడు, మోకు వాడలేదు. ఆయిలు పోసి, ఇంజను పది నిమిషాలు తిప్పి చూశారు. ఒక్క చుక్క కారలేదు. మహిపాల్ చేతులు తుడుచుకొని "ఇంటికాడికి నీ ఎన్కాల రావాన్నా?" అని అడిగాడు. వద్దన్నాడు.

నాలుగు గంటలకు ఇల్లు చేరాడు. సుశీల అన్నం పెడతానంటే వద్దని, నిచ్చెన వేసుకొని అటకెక్కాడు. తెల్లగుడ్డ పసుపురంగుకు వచ్చింది. వాకిట్లో కూర్చొని ముడి విప్పాడు. మోకు కొస అదే సాఫుగా ఉంది, కత్తితో కోసినట్టే. మూట విప్పకపోయినా ఇరవై ఒక్కేళ్లుగా మనసులో ఆ కొసనే చూశాడు. ఇప్పుడు ఆ కొసను కాకుండా, పైన తను చుట్టిన తోలు మొదలును వెతికి పట్టుకొని విప్పసాగాడు. కొస దగ్గర కూడా లోపలిది కనబడనంత గట్టిగా చుట్టాడు మరి. పళ్లతో లాగాల్సి వచ్చింది.

నాలుగు చుట్లు విప్పేసరికి లోపలి పాత తోలు బయటపడింది. తోలు అనడానికి ఏమీ మిగల్లేదు. నల్లటి పొట్టు, కల్లు చెమ్మకు కుళ్లి ఎండిన పొడి, ఒళ్లో రాలింది. అంటే ఆయన బరువంతా ఎన్నాళ్లుగానో పైపొర ఒక్కటే మోసింది. మోసి మోసి, మోయలేని రోజున ఒక్క దెబ్బకు ఫట్టుమంది. ఒక్కసారిగా తెగిన తోలు సాఫుగా కాక ఇంకెలా ఉంటుంది? రెండు పొరలైతే రెండింతల గట్టి అనుకున్న మొనగాడు ఎవరు?

కీసాలోంచి రింగు తీసి ఆ పొడి పక్కన పెట్టాడు. సుశీల గడపలో నిలబడి చూస్తోంది.

"నేనే" అన్నాడు లక్ష్మీరాజం. "రామస్వామి కాదే. నేనే."

సుశీల గడప దిగింది. వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఏడుస్తాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, కానీ ఏడ్చాడు, పెద్దగా, వాడకట్టు వింటుందన్న అనుమానం కూడా లేకుండా.

తెల్లారి మొదట జగిత్యాలకు ఫోను చేశాడు. "మహిపాల్, గా ఫిల్టరు పంపినోనితోని మాట్లాడకు. సరుకు మంచిదే. పాత రింగు ఇంజనుకే ఉండె. నేను సూడలే. దొరికినంక నీకు సూపియ్యలే. తప్పు నాది."

"నాకు ఎర్కే మామా. లైటు నేనే పట్టిన గదా, నువ్వు కీసల ఏసుకునుడు కనవడ్డది."

"మరి నీ మీదికెందుకు ఏసుకున్నవ్?"

"ఏం జెయ్యమంటవ్ మామా. నాది కాదంటె నువ్వు నన్నంటవ్, నన్నంటె మీ బిడ్డ పుట్టింటికి రాకపాయె. నాకు చెప్పే పంపింది."

లక్ష్మీరాజం ఫోను పెట్టేసి, సంఘం వాళ్లకు ఇంకో ఫోను చేశాడు. తర్వాత మోకును, రాలిన పొడితో సహా అదే గుడ్డలో కట్టుకొని సిరిసిల్ల బయలుదేరాడు.

రామస్వామిని వెతకడం కష్టం కాలేదు. నిన్న కారు ఆగిన చోటికి రెండు సందుల అవతల ఒక మగ్గాల షెడ్డు ముందు కూర్చొని నూలు కండెలు గంపలో సర్దుతున్నాడు. జుట్టంతా నెరిసింది. చెట్లెక్కిన ఆ ఛాతీ లోపలికి పోయింది. ఎదురుగా నిలబడిన మనిషిని గుర్తుపట్టి, చేతిలోని కండె కింద పెట్టి, లేచి నిలబడ్డాడు. మళ్లీ ఏ నింద మోయాలో అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. ఆ అడుగు లక్ష్మీరాజానికి చెంపదెబ్బలా తగిలింది.

లక్ష్మీరాజం గుడ్డ విప్పి చూపించాడు. రామస్వామి వంగి, పైతోలు పక్కకు జరిపి, లోపలి పొట్టును వేళ్ల మధ్య నలిపాడు. గీసేవాడికి చెప్పక్కర్లేదు, వేళ్లకే తెలిసిపోతుంది. నలుపుతూనే ఉన్నాడు.

"గిదా" అన్నాడు చివరికి. "లచ్చిరాజం, నేనేమనుకున్ననో ఎర్కేనా నీకు? గా పొద్దు గూటానికెళ్లి మోకు తీసిచ్చినప్పుడు నా చేతుల కత్తి ఉండె. నువ్వు గుడికాడ గా మాట అన్నంక, నిజంగనే నా కత్తి తాకిందేమో, నేను సూసుకోలేదేమో అనుకున్న. ఎవలకు జెప్పలే. మా ఆడిదానికి సుత చెప్పలే. గిన్నేండ్లు నన్ను నేనే అనుమానపడ్డ."

లక్ష్మీరాజం కాళ్ల మీద పడబోయాడు. రామస్వామి భుజం పట్టి ఆపాడు, దగ్గరికి మాత్రం తీసుకోలేదు.

"నా కాళ్లెందుకు? నువ్వు ఏడ అన్నవో ఆడనే చెప్పాలె. ఎల్లమ్మ కాడ. సంఘమంతా ఉన్నప్పుడు."

"ఇయ్యాల్నే చెప్తనే అన్నా. సంఘపోళ్లను కూసోవెట్టుమని ఫోన్ జేసే వచ్చిన. కారున్నది, ఎక్కు."

రామస్వామి గుడ్డమూట మళ్లీ కట్టాడు, తన చంకలోనే పెట్టుకున్నాడు. షెడ్డు లోపలికి ఒక మాట చెప్పి వచ్చాడు. కారు దాకా నడిచి, లక్ష్మీరాజం తెరిచి పట్టుకున్న తలుపు ముందు ఆగిపోయాడు. ఎక్కలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని మెల్లగా కిందికి వంగి, కారు కింద ఏమైనా కారుతోందా అని చూశాడు. ఒక పక్క చూసి, వెనక నుంచి తిరిగి రెండో పక్కకు పోయాడు.

లక్ష్మీరాజం తలుపు పట్టుకొని నిలబడే ఉన్నాడు.

"సూడన్నా" అన్నాడు. "మంచిగ సూసుకోని ఎక్కు."